ఎదుగు వయస్సు - తగ్గవలసిన బరువు

1901వ సంవత్సరమున వియన్నా నగరములో ఆల్‌ఫ్రెడ్ ఫ్రోలిక్ అను వైద్యుడు పదునాలుగేండ్ల బాలుని వ్యాధిని గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. ఆ బాలునికి తలనొప్పి, వాంతులు. చూపు నానాటికి మందగించుచుండెను. శరీరము మాత్రము త్వరత్వరగా లావెక్కెను. యౌవన చిహ్నములు కనబడలేదు. మెదడు అడుగుభాగమున నుండు పీయూష గ్రంథి వద్ద కంతి పెరిగినదని ఫ్రోలిక్ నిర్ణయించెను.

ఇది మిక్కిలి అరుదైన వ్యాధి. కాని వైద్యలోకము ఈ అరుదైన వ్యాధినే కొలబద్దగా పట్టుకొనెను. తరువాతి మూడు, నాలుగు దశాబ్దులలో లావుగా నున్న పిల్లవాడు కనబడిన చాలును, ‘వినాళ గ్రంథుల లోపము’ అని పేరు పెట్టి, గ్రంథుల నుండి తీసిన సారములను మందుగా నిచ్చుట యూరపు, అమెరికా దేశములలో వాడుకయ్యెను. మందులు చెల్లినవి, లావు చెల్లలేదు.

ఈ నమ్మకమును పరీక్షింప బూనినది హిల్డె బ్రూక్ అను వైద్యురాలు. ఆమె జర్మనీలో జన్మించిన యూదు వనిత. హిట్లరు అధికారమునకు వచ్చిన పిమ్మట దేశము విడిచి, 1934లో అమెరికా చేరెను. 1937లో న్యూయార్కులోని ఒక శిశువైద్యశాలలో, లావైన పిల్లలను వరుసగా కొలుచుట ఆరంభించెను. ఎత్తు కొలిచెను, ఎముకల ఎదుగుదలను పరీక్షించెను, యౌవనము ఎప్పుడు వచ్చుచున్నదో చూచెను. గ్రంథులు చెడినచో ఎదుగుదల కుంటువడవలెను గదా! ఈ పిల్లలలో ఎక్కువమంది తోటివారికంటె పొడవుగానే ఉండిరి. యౌవనము సకాలమునకో, కొంచెము ముందుగనో వచ్చుచుండెను. గ్రంథి నిర్దోషి యని తేలినది.

అయినచో దోషి ఎవరు? బ్రూక్ ఆ ఇండ్ల వాతావరణమును, ముఖ్యముగా తల్లుల ప్రవర్తనను ఎక్కువగా తప్పుపట్టెను. ఆ తీర్పు కఠినమైనదని తరువాతివారు భావించిరి. లోకులు ఇంకను సులువైన తీర్పు చెప్పిరి: దోషి ఆ పిల్లవాడే, వాడు తిండిపోతు. ఇక తిండి మాన్పించుటయే చికిత్స యనిరి. అప్పటికి పెద్దలకు వాడుకలో నున్న ఉపాయములన్నియు పిల్లలకు దిగుమతియైనవి. వానిని కొంచెము పరిశీలింపవలెను.

లావు తగ్గించు ప్రయత్నము ప్రాచీనమైనదే. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయములో అతిస్థూలుని, అతికృశుని ఇద్దరిని రోగులుగానే వర్ణించినారు. స్థూలుని ఆకలి తీవ్రమైనది గనుక అతనికి జీర్ణించుటకు ఆలస్యమగునట్టిదియు, అయినను శరీరమును లావెక్కింపనట్టిదియు అగు ఆహారము తగునని చెప్పినారు. అట్టివానిలో యవలు, కొఱ్ఱలు, ఆరికలు, పెసలు, ఉలవలు ఉన్నవి. వ్యాయామమును క్రమముగా పెంచవలెనట. ఆ ‘క్రమముగా’ అను మాటను తరువాతి కాలమువారు తరచుగా మరచిరి.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ విషయమున పేరుపొందినవాడు వైద్యుడు కాడు. లండనులో రాజకుటుంబపు అంత్యక్రియలు నడిపిన వ్యాపారి విలియం బాంటింగ్. 1862లో అతని ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 92 కిలోగ్రాములకు దగ్గర. వంగి బూట్ల తాడు కట్టుకొనలేడు. మెట్లు వెనుకకు తిరిగి దిగవలసి వచ్చెడిది. పడవ నడిపి చూచెను. ఆకలి పెరిగినది గాని బరువు తగ్గలేదు. చివరకు విలియం హార్వీ అను చెవి వైద్యుడు రొట్టె, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాన్పించెను. ఏడాదిలో సుమారు 21 కిలోగ్రాములు తగ్గెను. 1863లో బాంటింగ్ ఆ సంగతిని తన సొంత ఖర్చుతో అచ్చువేసి పంచిపెట్టెను. స్వీడిషు భాషలో బరువు తగ్గుటకు పథ్యము చేయుటను నేటికిని ‘బాంటా’ అందురు. అయితే బాంటింగు అరువదియారేండ్ల వృద్ధుడు. అతని ఎముకలు ఎదుగవలసిన పని లేదు.

తరువాత కెలోరీల లెక్క వచ్చెను. ఆహారములోని శక్తిని ఆట్‌వాటర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్దము చివరి దశలో తూచి చూపెను. పిండిపదార్థము, మాంసకృత్తులు గ్రాముకు 4 కెలోరీలు, క్రొవ్వు 9 కెలోరీలు అను లెక్క అతనిదే. 1918లో లూలూ హంట్ పీటర్స్ అను వైద్యురాలు ఈ లెక్కను ఇల్లాండ్రకు నేర్పుచు ఒక పుస్తకము వ్రాసెను. బరువు తగ్గదలచినవారికి రోజునకు 1200 కెలోరీలని నిర్ణయించెను. పుస్తకము విరివిగా అమ్ముడుపోయినది. ఆ 1200 అను సంఖ్య నేటికిని తిరుగుచునే ఉన్నది.

లెక్క చూచుకొనుటకు ఓపిక లేనివారికి 1933లో మాత్ర దొరికినది. దాని పేరు డైనైట్రోఫినాల్. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులో మందుగుండు కర్మాగారములలో వాడిన ద్రవ్యమది. శరీరకణములు ఆహారము నుండి తీసిన శక్తిని పనికి వచ్చు రూపమున నిలువ చేయకుండ, వట్టి వేడిగా వదలివేయునట్లు ఇది చేయును. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు దానితో బరువు తగ్గునని ప్రకటింపగనే, అమెరికాలో సుమారు లక్షమంది మ్రింగిరి. కొందరికి కంటి శుక్లములు వచ్చినవి. కొందరు లోలోపలి వేడికే మరణించిరి. 1938లో క్రొత్త చట్టము వచ్చిన పిమ్మట దానిని మనుష్యులు సేవింపదగనిదిగా నిర్ణయించిరి. అయినను ఇరువదియొకటవ శతాబ్దమున ఇంటర్‌నెట్టు ద్వారా చాటుగా కొని మ్రింగి మరణించిన యువజనులు కలరు. ఈ మందు పేరు ప్రతి రసాయనశాస్త్ర ఉపాధ్యాయునికి తెలిసియుండుట మంచిది.

మాత్రలు లేకుండ వట్టి పస్తులు మేలు గదా యని తోచవచ్చును. దానిని కూడ పరీక్షించినారు. ఉద్దేశము వేరు. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి యూరపులో క్షామపీడితులకు ఎట్లు అన్నము పెట్టవలెనో తెలియవలసి యుండెను. 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు క్రీడాస్థలము అడుగున నున్న గదులలో ఆన్‌సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను చేర్చెను. మనస్సాక్షి అంగీకరింపదని తుపాకి పట్టుటకు నిరాకరించినవారు వారు; ఈ సేవకు తామై ముందుకు వచ్చిరి. 24 వారములు వారికి రోజునకు సుమారు 1570 కెలోరీల ఆహారమిచ్చి, వారమునకు 35 కిలోమీటర్లు నడిపించిరి.

శరీర బరువు నాలుగవ వంతు తగ్గినది. దానితో పాటు విశ్రాంతిగా నున్నప్పుడు శరీరము ఖర్చుపెట్టు శక్తి నూటికి నలువది వంతులు తగ్గినది. ఆదాయము తగ్గిన గృహస్థు దీపములు ఆర్పివేసినట్లు, శరీరము ఖర్చులు తగ్గించుకొనెను. గుండె నెమ్మదించెను, వేసవిలో చలి వేసెను. వారి మనస్సులు మరింత మారినవి. పళ్లెములు నాకిరి, వంట పుస్తకములు ప్రోగుచేసి రాత్రులు చదివిరి, చదువు మీద, స్నేహితుల మీద ఆసక్తి నశించెను. పరీక్ష ముగిసి తిండి దొరకగా, కడుపు నిండినను ఆకలి తీరక తినిరి. కండకంటె ముందుగా క్రొవ్వు తిరిగి వచ్చెను. 1950లో రెండు సంపుటములుగా వెలువడిన ఈ పరిశోధన చెప్పునది, పస్తుండి తరువాత ఎక్కువ తిను బాలికకు మనోబలము లేదని కాదు. ఆమె శరీరము సక్రమముగా పని చేయుచున్నదని. ఆ యువకులకు ఇచ్చిన 1570 కెలోరీలు పీటర్సు చెప్పిన 1200 కంటె ఎక్కువ యన్నది గమనింపదగినది.

ఇంతకు తిండిపోతుతనము అను నేరారోపణ నిజమా? హార్వర్డు విశ్వవిద్యాలయములో పనిచేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఝాన్ మేయర్ దీనిని విచారించెను. అతని సాక్ష్యములలో ఒకటి భారతదేశమునకు చెందినది. 1956లో మేయర్, అతని బెంగాలీ సహచరులు పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో రెండువందలకు పైగా పురుషుల ఆహారమును, పనిని, బరువును పోల్చిరి. బరువులు మోయువారు ఎక్కువ తినిరి, సన్నగా ఉండిరి. తేలికపాటి పని వారు తక్కువ తినిరి. వారును సన్నగా ఉండిరి. బొత్తిగా కదలక కూర్చుండు దుకాణదారులు, గుమాస్తాలు మాత్రము తేలికపని వారికంటె ఎక్కువ తినుచు లావుగా ఉండిరి. అనగా కొంత కదలిక ఉన్నంతవరకే ఆకలి నమ్మదగిన తరాజు. బొత్తిగా కదలనిచో ఆ తరాజు చెడును.

అదే సంవత్సరమున మేయర్ బృందము అమెరికాలో ఉన్నత పాఠశాల బాలికలను పరిశీలించెను. లావైన బాలికలు తాము తిన్నట్లు చెప్పిన ఆహారము తోటివారికంటె తక్కువగనే తేలినది. వారి కదలిక మాత్రము చాల తక్కువ. 1964లో ఈ బృందము సెలవుల శిబిరమున ఆడుకొను బాలికలను నియమిత వ్యవధులలో సినిమా కెమెరాతో చిత్రించి ఆ చిత్రములను లెక్కించెను. ఈత, వాలీబాలు, టెన్నిసు — అన్నిట లావైన బాలికలు ఎక్కువసేపు నిలబడియే ఉండిరి. ‘ఒక గంట ఆడితిని’ అనుటలో అబద్ధము లేదు. కాని గంటసేపు మైదానములో ఉండుట వేరు, గంటసేపు ఆడుట వేరు. బంతి తమవైపు రాదని తెలిసిన పిల్లలు ఎట్లు నిలబడుదురో ఆటల ఉపాధ్యాయులు ఎరుగుదురు.

మేయర్ వాదములో సగము తరువాత నిలువలేదు. నాథన్ లిఫ్సన్ అనునతడు, ఇతడును మిన్నెసోటావాడే, ఒక చక్కని పద్ధతి కనిపెట్టియుండెను. ఉదజని, ఆమ్లజని రెండును బరువైన ఐసోటోపులుగా గల నీటిని త్రాగించిన, ఉదజని నీటి రూపముననే వెలికి పోవును. ఆమ్లజని నీటిగాను, బొగ్గుపులుసు వాయువుగాను పోవును. రెండింటి తేడా తెలిసిన, శరీరము ఎంత శక్తి ఖర్చుచేసినదో తెలియును. 1982లో ఇది మనుష్యులకు వాడుకలోనికి వచ్చెను. 1990లో 12 మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలలో దీనిని వాడి చూడగా, లావైనవారు తిన్నట్లు వ్రాసుకొన్నది వారి ఖర్చులో నూటికి 59 వంతులే యని తేలినది. తక్కువ తినిరన్నది నిజము కాదు. అయితే లావు లేని పిల్లలు వ్రాసుకొన్నది కూడ నూటికి 81 వంతులే! తిన్నది తక్కువగా జ్ఞాపకముండుట లావైనవారి సొత్తు కాదు. కెమెరా చూచిన సాక్ష్యము మాత్రము చెక్కుచెదరలేదు.

పెద్దల ఉపాయములు పిల్లలకు ఎందుకు చెల్లవో ఎదుగుదల శాస్త్రము చెప్పెను. ఇంగ్లండులో జేమ్స్ టానర్ ఏటేట ఒకే పిల్లలను కొలిచి, బాలికలు సుమారు 12వ ఏట, బాలురు సుమారు 14వ ఏట మిక్కిలి వేగముగా పెరుగుదురని చూపెను. 1999లో కెనడా పరిశోధకులు మరొక లెక్క ఇచ్చిరి: జీవితములో కూడవలసిన ఎముకల ఖనిజసంపదలో నాలుగవ వంతు ఆ వేగపు కాలమునకు అటునిటు రెండేండ్లలోనే చేరుచున్నది. ఆ రెండేండ్లు పస్తులుండి పోగొట్టుకొన్నదానిని తరువాత కూడబెట్టుట కష్టము.

ఇక్కడ ఒక చిన్న లెక్క నల్లబల్లపై వేసి చూపవచ్చును. బరువును కిలోగ్రాములలో, ఎత్తును మీటర్లలో తీసికొని, బరువును ఎత్తు వర్గముతో భాగించు పద్ధతి 1832 నాటి బెల్జియము గణితజ్ఞుడు కెట్లేది. 1972లో దానికి ‘శరీర బరువు సూచిక’ అను నేటి పేరు పెట్టినవాడు ఇదే ఆన్‌సెల్ కీస్. పదుమూడేండ్ల బాలుడు 150 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోగ్రాముల బరువు ఉన్నాడనుకొనుడు. సూచిక 25.8. బరువు ఒక్క గ్రాము కూడ తగ్గక, అతడు 160 సెంటీమీటర్లకు ఎదిగిన, సూచిక 22.7. అతడు చేయవలసినది తగ్గుట కాదు. కొంతకాలము పెరుగక నిలుచుట. ఎదుగుచున్న పిల్లల విషయమున వైద్యులు తరచుగా ముందు కోరునదియు ఇదియే. పదునారేండ్ల బాలికకు ఈ లెక్క పూర్తిగా పనికిరాదు. ఆమె ఎత్తు చాలవరకు ముగిసియుండును. ఆమె బరువు నిజముగా ఎక్కువైనచో, వైద్యుని పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గవలెను. ఎక్కువ అవునా కాదా యని చెప్పుటకు పెద్దల హద్దులు చెల్లవు. వయస్సు, ఆడ-మగ భేదములను బట్టి వేసిన పట్టికలు కలవు. 5 మొదలు 19 ఏండ్ల వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది అట్టిది.

ఏ ఉపాయము నిలిచినది? అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున లెనర్డ్ ఎప్‌స్టైన్ 6 మొదలు 12 ఏండ్ల పిల్లలకు, వారి తల్లిదండ్రులకు కలిపి శిక్షణ ఇచ్చెను. 1990లో పదేండ్ల ఫలితములను ప్రకటించినప్పుడు, పిల్లవానితో పాటు తల్లియో తండ్రియో తామును అలవాట్లు మార్చుకొన్న ఇండ్లలోనే ఫలితము బాగుగా నిలిచెను. లెక్కపెట్టి చేయించిన కసరత్తుకంటె, నడచి వెళ్లుట, మెట్లెక్కుట వంటి దినచర్యలోని కదలిక ఎక్కువ కాలము నిలిచినదని కూడ అతని పూర్వపు పరిశీలనలు చూపినవి. బడిలో ఆటల పీరియడును లెక్కల పీరియడు మ్రింగివేయుచున్నచోట, ఈ ఫలితములు విద్యార్థులకంటె ముందు ఉపాధ్యాయులు చదువదగినవి.

నిలువని ఉపాయము కూడ తేలినది. మళ్లీ మిన్నెసోటాలోనే, 1999 నుండి 2004 వరకు 2516 మంది యువజనులను పరిశీలించిరి. పూట మానుట, పస్తులుండుట, మాత్రలు మ్రింగుట వంటివి చేసినవారు అయిదేండ్ల తరువాత చేయనివారికంటె ఎక్కువగా లావైరి. తిండిమీద అదుపు తప్పి అమితముగా తినుట కూడ వారిలో ఎక్కువ.

తెలుగు బడులలో దీనిని బోధింపదలచినవారికి చేతికందిన సాధనము కలదు. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన పరిశోధనాలయము భారతీయ ఆహారముల విలువల పట్టికలను ప్రకటించుచున్నది. జొన్నరొట్టెలో, కందిపప్పులో, వేరుసెనగలో ఏమున్నదో విద్యార్థులే చూచి తెలిసికొనవచ్చును. ఆ పట్టికను ఎవరి పళ్లెము మీదనైనను శిక్షాస్మృతిగా ప్రయోగింపకున్న చాలును. తరగతి ముందు నిలబెట్టి బరువు చదువుట అంతకంటె పనికిరాదు.

లావైన పిల్లలను కొలిచిన హిల్డె బ్రూక్ తరువాత మనోవైద్యురాలై టెక్సాసు రాష్ట్రమునకు వెళ్లెను. ఆమె జీవితములోని చివరి దశాబ్దులు ఎక్కువగా మరొక విధమైన రోగులతో గడచినవి. వారు లావు భయముతో అన్నము మాని ఎముకల గూడులైన బాలికలు. వారిని గూర్చి 1978లో ఆమె వ్రాసిన పుస్తకము పేరు ‘బంగారు పంజరము’. ఆ బాలికలలో చాలమంది మొదట కొద్ది కిలోగ్రాములు తగ్గుదమనియే ప్రారంభించినవారు.