పెరటి పాదుల చరిత్ర: తెనాలి, బాపట్ల, రేపల్లె



చరిత్ర అనగానే రాజులు, శాసనాలు, యుద్ధాలు గుర్తుకు రావడం మన చదువుల అలవాటు. ఇంటి వెనుక నాలుగు సెంట్ల జాగాకు కూడ ఒక చరిత్ర ఉంటుందని ఎవరూ తలపోయరు. "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అన్న సామెత చెట్టుకే గాక దాని కథకు కూడ వర్తించింది. కార్తికంలో మళ్ళు కట్టి చైత్రంలో చివరి కాయ కోసే మా ప్రాంతపు పెరటి సేద్యం ఎట్లు ఏర్పడినదో, అందులో మన పాతకాపు లెవరో, వచ్చి చేరిన బంధువు లెవరో నాకు తెలిసినంతలో ముచ్చటిస్తాను.

ముందుగా నేల సంగతి. తెనాలి, బాపట్ల, రేపల్లె ఇరుగుపొరుగు ఊళ్ళే. మూడూ చిరకాలం గుంటూరు జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినపుడు రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరులోనే మిగిలినది. కాని నేలతల్లి ఈ మూడింటిని ఏనాడో విడదీసినది. తెనాలి చుట్టూ నల్లరేగడి. వానకాలంలో అది బురద, కార్తికానికి ఆరి చేతికి లొంగుతుంది. బాపట్ల వైపు సముద్రపు ఇసుక. రేపల్లె వైపు కృష్ణ ఒండ్రు ఒక ప్రక్క, నిజాంపట్నం తీరపు చౌడు మరొక ప్రక్క.

ఇసుక నేలలో తోట పెంచడానికి తీరప్రాంతపు వారు కనిపెట్టిన ఉపాయం దొరువు. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక, అడుగున ఉన్న ఉప్పునీరు బరువు. కనుక మంచినీరు పైన తేలి ఉంటుంది. లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా గుంట తవ్వి, పైనీటిని కడవలతో ముంచి మొక్కలకు పోస్తారు. అత్యాశకు పోయి లోతుగా తవ్వినా, ఒక్కమారుగా ఎక్కువ తోడినా ఉప్పునీరు పైకి వస్తుంది. నీటిని మితంగా వాడమని ఏ గ్రంథమూ చెప్పనక్కరలేకుండ దొరువే నేర్పినది. తరువాతి కాలంలో బాపట్ల శాస్త్రజ్ఞులు ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరచి, పైనీరు మాత్రమే ఒక బావిలోకి చేరేటట్లు ఈ పద్ధతినే మెరుగుపరచారు.

ఇక కాలువ. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చివేసినది. లక్షకు పైగా జనం మరణించారు. ఆ భయమే కృష్ణ ఆనకట్టకు ఒక ప్రేరణ. సర్ ఆర్థర్ కాటన్ సంకల్పానికి కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని ఆరంభమై 1855లో ముగిసినది. ఆ ఆనకట్ట 1952లో గండిపడగా దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చి 1957 నుండి నీరందిస్తున్నది. మూడు కాలువలు తెనాలిని చీల్చుకొని పోతాయి. కాలువ వరికి వరమైనదని అందరూ వ్రాశారు. పెరటికి అది చేసిన మేలు ఎవరూ వ్రాయలేదు. కాలువ పారినన్నాళ్ళు ఊరి బావులలో నీరు పైకి ఉంటుంది. వేసవి ముందు "కాలువలు కట్టేశారు" అన్న మాట వినబడితే పెరటి దినాలు లెక్కకు వచ్చినట్లే. అందువలననే మాఘ ఫాల్గుణాలలో బీర, దోస, ఆనప పాదులను బావి గట్టుకు, స్నానపు గది నీళ్ళు పారే చోటుకు చేర్చి పెట్టేవారు.

మన పెరటిలో ఏది పాతది, ఏది కొత్తది? దీనికి నేను చూపే మొదటి సాక్ష్యం ఆబ్దికపు విస్తరి. పెద్దల తిథినాడు మా వైపు ఇళ్ళలో అరటికాయ, కంద, చేమ, కాకర వండుతారు. బంగాళాదుంప, క్యాబేజి, టమాటా చాల ఇళ్ళలో గుమ్మం దాటి లోనికి రావు. కారానికి మిరియమే గాని మిరపకాయ కాదు. దీనిని ఛాందసమని నవ్వేవారు ఉన్నారు. నాకు మాత్రం అది ఐదువందల ఏండ్ల వెనుకటి పెరటి జాబితాగా కనబడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏమి వడ్డించాడో వర్ణించాడు. చలికాలపు వంటలో ఘాటు మిరియపు పొడిదే. పదహారవ శతాబ్ది తొలి భాగపు ఆ కావ్యంలో మిరపకాయ లేకపోవడం సహజం. పోర్చుగీసు ఓడల వెంట అమెరికా ఖండం నుండి వచ్చిన ఆ కాయ ఇంకా మన వంటయింటికి చేరలేదు. చేరిన పిదప మిరియం పేరునే తన పేరులో కలుపుకొని మిరపకాయ అయినది. నేడు గుంటూరు పేరు చెబితే లోకానికి తోచేది ఆ పరదేశి కాయయే!

భాష కూడ సాక్ష్యమిస్తుంది. బంగాళాదుంప తాను ఏ దారిన వచ్చినదో పేరులోనే చెప్పుకొన్నది. సీమచింత, సీమవంకాయ అన్నప్పుడు ఆ "సీమ" విదేశమే. టమాటాను మా పెద్దలు రామములక్కాయ అన్నారు. తెలిసిన ములక జాతి పేరుకు రాముని పేరు తగిలిస్తే కొత్త కాయ మన ఇంటిది అయినది. కాలీఫ్లవరు 1822లో సహరాన్‌పూర్ ఉద్యానానికి వచ్చినదని చెబుతారు. 1899 నాటికి మదరాసు రైలు దారి తెనాలి, బాపట్లల మీదుగా ఏర్పడినది. అటుపై చలిదేశపు కూరలు పట్నాల నుండి మా అంగళ్ళకు రావడం సులభమైనది.

రెండవ సాక్ష్యం సంక్రాంతి గొబ్బెమ్మ. పేడముద్ద మీద పసుపుపచ్చని గుమ్మడిపూవు, చుట్టూ బంతిపూలు. ఇంతకంటె తెలుగుదనం మరేమున్నది? కాని తీపిగుమ్మడి జన్మస్థానం అమెరికా ఖండం, బంతి పుట్టినిల్లు మెక్సికో. మన ప్రాచీన కూష్మాండం బూడిదగుమ్మడి. ఆ పేరిటి గౌరవం కొత్త కాయకు కూడ దక్కినది. అనగా పితృదేవతల విస్తరి వద్ద తలుపు వేసిన మన ఇల్లే, పండుగ ముంగిట తలుపు బార్లా తెరచినది. ఒకే ఇంటి ఆచారాలలో ఒకటి పాతను దాచిపెట్టినది, మరొకటి కొత్తను ముద్దాడినది. "అసలైన తెలుగు వంట" ఏదని వాదులాడుకొనే మిత్రులు ఈ రెండింటినీ కలిపి చూడవలెనని నా మనవి.

పాతకాపులలో పెద్ద చిక్కుడు. నాటు చిక్కుడును ఆషాఢ శ్రావణాలలో పెడితే కార్తికం దాకా ఆకు తప్ప పూత ఉండదు. పొద్దు కురుచబడితేనే పూస్తుంది. పగటి నిడివికీ పూతకూ గల ఈ సంబంధాన్ని గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించారు. మన స్త్రీలు సిద్ధాంతం చెప్పలేదు గాని, కాపు నిండుగా ఉండే మాఘ శుద్ధ సప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులలో పరమాన్నం పెట్టి సూర్యునకే నివేదించారు. ఎవరి వలన పూచినదో వారికే ఫలం!

పాదులు పెట్టే ఈ కాలమే తుపానుల కాలం కూడ. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమనే గాక రేపల్లె, బాపట్ల తీరాలను కూడ దెబ్బతీసినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరం దాటినది. అరటి, మునగ, పందిళ్ళు గాలికి ముందుగా పడతాయి. భూమిలో ఉన్న కంద, చేమలను గాలి ఏమీ చేయలేదు. ఆబ్దికపు విస్తరిలో దుంపలకు పెద్దపీట ఎందుకో ఈ తీరంలో బ్రతికినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

గాలి పడగొట్టిన పాదును మరల పెట్టవచ్చును, విత్తనం ఉంటే. గుమ్మడి, దోస గింజలను పేడలో అద్ది గోడకు కొట్టేవారు. ముదిరిన బీరకాయను చూరుకు వ్రేలాడదీసేవారు. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసినది. 1986లో అక్కడి నుండి వచ్చిన బి.పి.టి. 5204 సాంబమసూరి దేశమంతట పేరు పొందినది. ఆ కీర్తికి నేను గర్వపడతాను. కాని గోడమీది పిడకలో ఉండిన దోసగింజకు ఏ రికార్డులోను సంఖ్య లేదు. అంగడిలో కొన్న సంకర విత్తనపు కాయ నుండి గింజ తీసి పెడితే తల్లి గుణం రాదు, మరుసటి ఏడు మరల అంగడికే పోవలెను. పెరళ్ళు గదులైపోయినవి, గోడలకు సిమెంటు వచ్చినది, పిడక కొట్టే చోటు పోయినది. చూరు లేని ఇంటిలో బీరకాయను ఎక్కడ వ్రేలాడదీస్తాము?

మిరపకాయ మనదయినది ఎవరో ఆ పరదేశి గింజను తమ మడిలో పెట్టి, దాచి, పొరుగింటికి ఇచ్చినందువలననే. ఇచ్చిపుచ్చుకొనే ఆ చేతులు ఆగిపోతే నాటు చిక్కుడు కూడ కొంత కాలానికి పరదేశి అవుతుంది. మీలో ఎవరి ఇంటనైనా అమ్మమ్మ నాటి గింజలు మిగిలి ఉంటే ఈ కార్తికంలో నాలుగు నేలలో వేయండి, నాలుగు పొరుగువారికి పంచండి. రామములక్కాయ వంటి పేర్లు మీ ప్రాంతంలో ఇంకేమున్నవో నాకు తప్పక తెలియజేయండి. ఆ మాటలు కూడ విత్తనాల వంటివే, ఒకరివద్దనే ఉంటే నిలువవు.