అవసరమైన ఈమెయిల్ స్పామ్‌లో పడకుండా ఏం చేయాలి? వడపోత పనితీరు, నివారణ మార్గాలు

ఆదాయపు పన్ను శాఖ సమాచారం, ప్రవేశ పరీక్షల సూచనలు, ఉద్యోగ నియామక పత్రాలు, బీమా పాలసీల గడువు హెచ్చరికలు నేడు అధికంగా ఈమెయిల్ ద్వారానే చేరుతున్నాయి. వీటిలో ఏదైనా పొరపాటున స్పామ్ ఫోల్డర్‌కు వెళితే సాధారణంగా ఫోన్‌లో ఎటువంటి సూచనా కనిపించదు. జీమెయిల్‌లోనైతే స్పామ్‌లో 30 రోజులు ఉన్న సందేశం దానంతటదే శాశ్వతంగా తొలగిపోతుంది. ఈ స్థితి ఎందుకు ఏర్పడుతుంది, స్వీకరించేవారు ఏం చేయాలి, పంపేవారి బాధ్యత ఎంత అన్న అంశాల వివరణ ఇది.

చూడలేదంటే చెల్లుతుందా?

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 143(1) సెక్షన్ కింద, రిటర్నులోని లెక్కలను సవరించాలని శాఖ భావిస్తే ముందుగా ఆ విషయాన్ని పన్ను చెల్లింపుదారుకు తెలియజేయాలి. ఆ సమాచారం జారీ అయిన నాటి నుంచి 30 రోజుల్లోగా సమాధానం రాకపోతే ప్రతిపాదించిన సవరణలను శాఖ అమలు చేస్తుంది. ఈ గడువు, జీమెయిల్ స్పామ్ సందేశాలను ఉంచే గడువు ఒక్కటే కావడం గమనార్హం. సందేశం కనుమరుగయ్యే నాటికి సమాధానమిచ్చే అవకాశమూ ముగిసిపోతుంది.

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డు ఎప్పుడు అందినట్లో నిర్వచించింది. ఇరుపక్షాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, స్వీకర్త ఇందుకోసం ఒక కంప్యూటర్ వనరును నిర్దేశించి ఉంటే, రికార్డు అందులోకి ప్రవేశించిన సమయమే అది అందిన సమయం అవుతుంది. ఏ ఫోల్డర్‌లో పడింది, స్వీకర్త దాన్ని తెరిచారా లేదా అన్న ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేదు. కనుక ‘స్పామ్‌లో పడింది, చూడలేదు’ అన్న కారణంపై ఆధారపడటం శ్రేయస్కరం కాదు.

సమస్య మూలం ఎక్కడుంది?

ఈమెయిల్ రవాణాకు ఆధారమైన ఎస్‌ఎంటీపీ నియమావళిని 1982లో జాన్ పోస్టెల్ రూపొందించారు. నాడు నెట్‌వర్క్‌ను వాడేవారు పరిమితం, ఒకరికొకరు తెలిసినవారు. అందువల్ల పంపినవారి చిరునామా నిజమా కాదా అని నిర్ధారించే ఏర్పాటు అందులో లేదు. ఉత్తరం కవరుపై ‘నుండి’ అన్నచోట ఎవరి పేరైనా రాయగలిగినట్లే, ఈమెయిల్‌లోనూ ఎవరి చిరునామానైనా రాయడం సాధ్యమైంది.

దుర్వినియోగం అంతకుముందే మొదలైంది. 1978 మే నెలలో అమెరికా కంప్యూటర్ సంస్థ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ దాదాపు 400 మంది ఆర్పానెట్ వినియోగదారులకు ఒకేసారి ప్రకటన పంపారు. దీనినే తొలి స్పామ్‌గా పరిగణిస్తారు. స్పామ్ అన్నది 1937లో అమెరికా విపణిలోకి వచ్చిన డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ ప్రదర్శించిన ఒక సన్నివేశంలో ఆ మాట విసుగు పుట్టేలా పదేపదే వినిపిస్తుంది. అక్కడి నుంచే అది అడగని సందేశాలకు పేరుగా స్థిరపడింది.

వడపోత ఎలా నిర్ణయిస్తుంది?

తొలినాళ్ల వడపోతలు కొన్ని నిషిద్ధ పదాల జాబితాపై ఆధారపడేవి. ‘ఉచితం’, ‘బహుమతి’ వంటి మాట కనిపిస్తే చాలు, సందేశాన్ని పక్కన పెట్టేవి. 2002లో ప్రోగ్రామర్ పాల్ గ్రాహం రాసిన వ్యాసంతో సంభావ్యతా సూత్రాల పద్ధతి ప్రాచుర్యం పొందింది. ఒక్కొక్క పదం స్పామ్‌లో ఎంత తరచుగా, మంచి సందేశాల్లో ఎంత తరచుగా వస్తుందో పోల్చి, మొత్తం సందేశానికి ఒక అంచనా కట్టడం ఈ పద్ధతి సారం.

నేటి వడపోతలు పదాలకే పరిమితం కావు. సందేశం ఏ సర్వర్ నుంచి వచ్చింది, ఆ సర్వర్‌కు, డొమైన్‌కు గతంలో ఉన్న పేరు ఎలాంటిది, లింకులు ఎక్కడికి దారితీస్తున్నాయి, జోడించిన ఫైలు ఏ రకం, ఇదే పంపినవారి సందేశాలను ఇతరులు స్పామ్‌గా గుర్తించారా అన్న అంశాలన్నిటినీ కలిపి తూకం వేస్తాయి. అందుకే విషయంలో ఎటువంటి లోపం లేని ఉత్తరం కూడా చెడ్డపేరున్న సర్వర్ గుండా వస్తే స్పామ్‌లో పడవచ్చు.

మూడు ధ్రువీకరణలు

ఎస్‌ఎంటీపీలోని లోటును పూడ్చేందుకు మూడు ఏర్పాట్లు క్రమంగా వచ్చాయి.

మొదటిది ఎస్‌పీఎఫ్. తమ పేరిట మెయిల్ పంపే అధికారం ఏయే సర్వర్లకు ఉందో డొమైన్ యజమాని బహిరంగంగా ప్రకటించే జాబితా ఇది. జాబితాలో లేని సర్వర్ నుంచి వచ్చిన సందేశం అనుమానాస్పదమవుతుంది.

రెండవది డీకిమ్. కవరుపై వేసే లక్క ముద్ర వంటిది. పంపిన సర్వర్ సందేశంపై డిజిటల్ సంతకం చేస్తుంది. సంతకం పరిధిలోని భాగాన్ని మార్గమధ్యంలో ఎవరైనా మార్చితే ఆ సంతకం సరిపోలదు.

మూడవది డీమార్క్. పై రెండింటిలో కనీసం ఒకటైనా నెగ్గిందా, నెగ్గిన డొమైన్ పాఠకుడికి కనిపించే చిరునామాతో సరిపోలుతోందా అని ఇది చూస్తుంది. సరిపోలకపోతే సందేశాన్ని అనుమతించాలా, స్పామ్‌కు పంపాలా, తిరస్కరించాలా అన్నది డొమైన్ యజమాని ముందుగానే సూచిస్తారు.

నిజాయతీగల సందేశాలు సైతం ఇక్కడ చిక్కుకునే సందర్భాలున్నాయి. కళాశాల ఖాతాకు వచ్చిన మెయిల్‌ను సొంత ఖాతాకు దానంతటదే మళ్లేలా ఏర్పాటు చేసుకుంటే, దాన్ని చేరవేసే సర్వర్ అసలు పంపినవారి ఎస్‌పీఎఫ్ జాబితాలో ఉండదు. పూర్వ విద్యార్థుల బృందాలు వాడే సామూహిక మెయిల్ వ్యవస్థ విషయ శీర్షికకు బృందం పేరును జోడిస్తే డీకిమ్ సంతకం చెడిపోవచ్చు.

స్వీకరించేవారు చేయవలసినవి

స్పామ్ ఫోల్డర్‌లో అవసరమైన సందేశం కనిపిస్తే దాన్ని చదివి వదిలేయకుండా ‘నాట్ స్పామ్’ మీట నొక్కాలి. సందేశం ఇన్‌బాక్స్‌కు చేరడమే కాక, వడపోతకు అది ఒక పాఠమవుతుంది. జీమెయిల్‌లో సందేశం తెరిస్తే, దాన్ని స్పామ్‌గా ఎందుకు భావించారో పైభాగంలో సంక్షిప్తంగా కనిపిస్తుంది. మీట నొక్కే ముందు ఆ కారణం చదవడం అవసరం.

పంపినవారి చిరునామాను కాంటాక్ట్‌లలో చేర్చుకోవాలి. ఇది ఉపకరిస్తుంది గానీ పూర్తి హామీ కాదు.

తప్పక అందవలసిన చిరునామాలకు ప్రత్యేక ఫిల్టర్ ఏర్పరచుకోవడం మరింత బలమైన మార్గం. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, వెతుకు పెట్టె పక్కనున్న గుర్తు నొక్కి, ‘ఫ్రమ్’ అన్నచోట చిరునామా రాసి, ‘క్రియేట్ ఫిల్టర్’ ఎంచుకుని, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ ఎదుట గుర్తు పెట్టాలి. ఔట్‌లుక్‌లో సెట్టింగ్స్‌లోని ‘జంక్ ఈమెయిల్’ విభాగంలో ‘సేఫ్ సెండర్స్’ జాబితాకు చిరునామాను చేర్చాలి. ఒక సంస్థ సొంత డొమైన్‌ను ఇలా అనుమతించవచ్చు. జీమెయిల్, యాహూ వంటి ఉమ్మడి డొమైన్లను మొత్తంగా అనుమతిస్తే మోసగాళ్లకూ తలుపు తెరిచినట్లే.

గతంలో తెలియక ‘బ్లాక్’ చేసిన చిరునామాల జాబితాను కూడా సెట్టింగ్స్‌లో చూడాలి. బ్లాక్ చేసినవారి సందేశాలను జీమెయిల్ నేరుగా స్పామ్‌కే పంపుతుంది.

జీమెయిల్‌లో మామూలు వెతుకులాట స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లదు. వెతుకు ఎంపికల్లో ‘మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్’ ఎంచుకున్నప్పుడే అక్కడి సందేశాలూ దొరుకుతాయి. ‘ప్రమోషన్స్’ విభాగంలో ఉన్నవి మాత్రం స్పామ్ కావు. అవి ఇన్‌బాక్స్‌లో ఒక భాగమే. ఇక గూగుల్ ఖాతాలోని 15 జీబీ ఉచిత నిల్వ పూర్తిగా నిండి ఉంటే సందేశం స్పామ్‌కు సైతం చేరకపోవచ్చు. పంపినవారికే తిరిగి వెళ్లవచ్చు.

పంపేవారి బాధ్యత

వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి సందేశాలు పంపేవారు పై మూడు ధ్రువీకరణలనూ పాటించాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం విధించింది. వారి సందేశాలను స్పామ్‌గా గుర్తించేవారి నిష్పత్తి 0.3 శాతానికి చేరకూడదు. ప్రచార సందేశాలు వద్దనుకునేవారు ఒక్క నొక్కుతో వైదొలగే వీలుండాలి. యాహూ కూడా ఇదే తరహా నియమాలు తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 2025 మే నుంచి ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. తక్కువ సంఖ్యలో పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలన్నది గూగుల్ నియమం.

చిన్న పాఠశాలలు, సాంస్కృతిక సంఘాలు, ప్రవాస తెలుగు సంస్థలు గమనించవలసిన అంశం ఒకటుంది. ఉచిత జీమెయిల్ లేదా యాహూ చిరునామాను పెట్టుకుని, వేరే సామూహిక మెయిల్ సేవ ద్వారా ఆహ్వానాలు పంపితే డీమార్క్ పరీక్షలో అవి విఫలమవుతాయి. యాహూ 2014 ఏప్రిల్‌లోనే ఇటువంటి సందేశాలను తిరస్కరించాలని ఇతర సర్వర్లకు సూచించింది. సంస్థకు సొంత డొమైన్ తీసుకుని, దానికి ధ్రువీకరణలు అమర్చుకోవడమే దీనికి పరిష్కారం.

ఇదే చిక్కు ఇష్టంలేని సందేశాల వల్ల కూడా వస్తుంది. అడిగి నమోదు చేసుకున్న వార్తాలేఖ అవసరం తీరాక, చందా రద్దు చేసుకోకుండా ‘స్పామ్’ మీట నొక్కడం చాలామందికి అలవాటు. దానివల్ల ఆ లేఖను కోరుకునే ఇతర పాఠకులకు సైతం అది అందకుండా పోయే ప్రమాదముంది.

బయటకు తీసేముందు జాగ్రత్త

స్పామ్ ఫోల్డర్‌లోని అధిక భాగం అక్కడ ఉండవలసినదే. పన్ను వాపసు, బ్యాంకు ఖాతా నిలిపివేత, ఉద్యోగ ఎంపిక పేరిట వచ్చే నకిలీలు నిజమైన వాటిని పోలి ఉంటాయి. కనిపించే పేరును కాక, పూర్తి చిరునామాను చివరి అక్షరం వరకు చదవాలి. వేర్వేరు లిపుల్లో ఒకేలా కనిపించే అక్షరాలతోనూ మోసం జరుగుతుంది. తెలుగు అంకె ‘౦’ ఆంగ్లంలోని ‘ఓ’ అక్షరాన్ని పోలి ఉండటం ఇందుకు ఉదాహరణ.

ఆదాయపు పన్ను శాఖ జారీచేసే సమాచారంపై 2019 అక్టోబర్ 1 నుంచి పత్ర గుర్తింపు సంఖ్య, అంటే డిన్, ఉండాలి. శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఆ సంఖ్య ఆధారంగా నోటీసు నిజమైనదో కాదో లాగిన్ అవసరం లేకుండానే సరిచూసుకోవచ్చు. లింకు నొక్కకుండా పోర్టల్‌ను విడిగా తెరిచి చూడటమే సురక్షితం. మోసపోయి డబ్బు కోల్పోయినవారు వెంటనే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోన్ చేయాలి.

దరఖాస్తు, రిటర్ను, ఇంటర్వ్యూ వంటివి నడుస్తున్న కాలంలో స్పామ్ ఫోల్డర్‌ను కనీసం వారానికొకసారి పరిశీలించాలి. గడువుతో ముడిపడిన వ్యవహారాల్లో ఈమెయిల్ కోసం ఎదురుచూడకుండా సంబంధిత పోర్టల్‌ను కూడా స్వయంగా తెరిచి చూసుకోవాలి.