వాల్తేరు మెరక: సముద్రం ఒడ్డున దొరల, జమీందార్ల చిరునామా

విశాఖపట్నం సముద్రతీరంలో ఎత్తైన చోట్లు రెండు. దక్షిణాన సముద్రంలోకి మూతి చాచినట్టుండే కొండ డాల్ఫిన్స్ నోస్. స్థానికులు దాన్ని యారాడ కొండ అంటారు. ఉత్తరాన, పాతనగరానికి అవతల ఎర్రమట్టి మెరక మీద వాల్తేరు. కొండ ఓడలకు గుర్తుగా నిలిస్తే, మెరక డబ్బూ హోదా ఉన్నవాళ్లకు నివాసమైంది. ఆ వాల్తేరులో ఒక భాగాన్ని నగరవాసులు ఇప్పటికీ ‘అప్‌ల్యాండ్స్’ అనే పిలుస్తారు.

ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టినప్పుడు వ్యవహారమంతా రేవు దగ్గరి పల్లపు నేల మీదే నడిచేది. అక్కడ ఉక్క, ఇరుకు. పక్కనే బురద నేలలు, జ్వరాలు. చేతిలో కొంత డబ్బు చేరాక దొరలు గాలి ఆడే మెరకకు మారారు. విశాలమైన ఆవరణలు, చుట్టూ వరండాలు, సముద్రం వైపు తెరిచిన కిటికీలు అక్కడి బంగళాల తీరు. 1883లో వాల్తేరు క్లబ్ వెలిసింది. తొలినాళ్లలో అది దొరల లోకం. క్లబ్బు పుట్టిందంటే కాపురాలు స్థిరపడ్డాయనే లెక్క.

డబ్బున్నవాళ్లంతా క్లబ్బుల్లోనే కాలం గడిపారనుకుంటే పొరపాటు. గోడె వెంకట జగ్గారావు జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసు వేధశాలలో టేలర్ అనే ఖగోళవేత్త దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. 1840లో విశాఖలోని డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టాడు. జనం గడియారాలు సరిచేసుకోవడానికి డాల్ఫిన్స్ నోస్ మీద జెండా స్తంభం నిలబెట్టించి, రోజూ నిర్ణీత సమయానికి సంకేతం ఇప్పించేవాడు. ఆయన 1856లో కన్నుమూశాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వేధశాలను నడిపాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874 శుక్ర సంక్రమణాన్ని అక్కడి నుంచే పరిశీలించి వివరాలు లండన్‌కు పంపాడు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు సభ్యత్వం ఇచ్చింది. ఈ తీరంలో సంపన్నులు కట్టించిన వాటన్నిటిలో ఊరికి ఎక్కువ ఉపయోగపడినది బహుశా ఆ జెండా స్తంభమే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దొరల పక్కనే రాజులూ చేరారు. జయపురం సంస్థానం నేటి ఒడిశాలో ఉన్నా, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో భాగమే. జిల్లా కచేరీ ఇక్కడే. పైగా కొండసీమలో మన్యపు జ్వరాల బెడద. జయపురం వంశం 1917-23 మధ్య బీచ్ రోడ్డులో కట్టించిన హవామహల్ ఆ కాలానికి మిగిలిన గుర్తు.

ఆ వంశానికే చెందిన విక్రమదేవ వర్మ వల్ల వాల్తేరు రూపం మారింది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి విరాళాల కోసం తిరుగుతున్న రోజుల్లో వర్మ ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చాడు. సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. బంగళాల మెరక మీదికి రైతు కుటుంబాల పిల్లలు పుస్తకాలు పట్టుకుని రావడం అప్పటి నుంచే.

ఇక యారాడ కొండ అసలు విలువ ఓడరేవు కట్టేటప్పుడు తేలింది. దక్షిణం నుంచి వచ్చే అలలను కొండ అడ్డుకుంటుంది. ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ అనే ఓడ రేవు లోపలికి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు, గొప్ప బంగళా, పూరిల్లు అన్న తేడా లేకుండా జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు.

జమీందారీ వైభవానికి చివరి దెబ్బ చట్టం కొట్టింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో శిస్తు రాబడి పోయింది. రాబడి లేకుండా పెద్ద ఆవరణలను నిలబెట్టుకోవడం కష్టం. తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ బంగళాలకూ ఇదే గతి పట్టింది. వాల్తేరు కథా అలాంటిదే, కాకపోతే ఇక్కడ కిటికీ తెరిస్తే సముద్రం.

సముద్రానికి ఎదురుగా ఎత్తు మీద ఉండాలన్న మోజు మాత్రం ఉత్తరానికి జరిగింది. రుషికొండ మీది పర్యాటక శాఖ రిసార్టును కూల్చి, ఆ చోట వందల కోట్లతో కట్టిన భవనాలు 2024లో ప్రభుత్వం మారాక రాష్ట్రమంతటా చర్చనీయాంశమయ్యాయి. పర్యాటకం కోసమా, ముఖ్యమంత్రి నివాసం కోసమా అన్నదే ఆ వాదన. దొరల బంగళాలనైనా ఇంత నిశితంగా ఎవరూ లెక్క అడగలేదు.

రైల్వే స్టేషన్ బోర్డు మీద ‘వాల్తేరు’ పేరు 1987 వరకు ఉంది, ఆ తర్వాత ‘విశాఖపట్నం’ అయింది. యారాడ కొండ మీద 1957లో కట్టిన దీపస్తంభం ఇప్పటికీ వెలుగుతోంది. ఆ చుట్టుపక్కల నేల చాలామటుకు నౌకాదళం చేతుల్లో ఉంది.