ఆపన్నిధులును దాతల ఋణమును

ఈ వార్షిక మహాసభ సంచికకు మన కులపురాణమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మార్కండేయ మహర్షి చరిత్రమును, భావనాఋషి చరిత్రమును పూర్వసంచికలయందు పెద్దలు పలుమారులు వ్రాసియే యున్నారు. కావున మేము వేరొక విషయమును గైకొనుచున్నాము. ఆపద వచ్చినపుడు ధనమెట్లు కూడినది, ఇచ్చినవారికి దాని లెక్క యెట్లు చెప్పబడినది అనునదియు చరిత్రమే. అదిగాక, ఈ సభయందు మన సంఘపు ఆపన్నిధిని గూర్చి యొక తీర్మానము రానున్నదని వింటిమి. పద్మశాలీ సోదరసోదరీమణులు ఆ తీర్మానమునకు ముందే దీనిని జదువుదురని మా యాశ.

ధర్మశాస్త్రములు సత్కర్మలను ఇష్టమనియు పూర్తమనియు విభజించినవి. యజ్ఞాదులు ఇష్టము, నూయి, చెరువు, సత్రము, తోట మున్నగునవి పూర్తము. మన శిలాశాసనములను, తామ్రశాసనములను జూచినవారికి ఒక విశేషము తోచకమానదు. అందు దాత వంశవర్ణన మెంత దీర్ఘముగా నుండునో, ఇచ్చిన భూమి యెల్లలును అంత శ్రద్ధతో చెప్పబడి యుండును: తూర్పున ఏ పుట్ట, దక్షిణమున ఏ వాగు, పడమట ఎవరి చేను. మేము బడిలో నిట్టి శాసనభాగములు చెప్పునపుడు విద్యార్థులు వంశవర్ణనమును కంఠస్థము చేసి, ఎల్లల భాగమును విడిచిపెట్టెడివారు. అది పరీక్షలో రాదని వారి నమ్మకము. మన సంఘములును అట్లే చేయుచున్నవి. దాత పేరు పాలరాతిపై చెక్కించుటకు మనకు తొందర యెక్కువ. ఆతని రూపాయి ఏ యెల్లలలోపల వ్యయమైనదో చెప్పుటకు మాత్రము తీరిక చిక్కదు.

మన బహదూర్‌పురాకు వచ్చుటకు ముందు మదరాసు కథ కొంత చెప్పవలెను. చందా, కమిటీ, రసీదు అను నేటి పద్ధతి పెద్దయాపదలో నెట్లు నడచెనో అది చక్కగా చూపును. 1876 మొదలు 1878 వరకు నడచిన ధాతకరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు మాడిపోయినవి. 1877 ఆగస్టు 4వ తేదీన మదరాసులో బహిరంగసభ జరిగి, గవర్నరు బకింగుహాము ప్రభువుల ఆధ్వర్యమున ఇంగ్లండు నగరములకు విజ్ఞప్తి పంపబడెను. వైస్రాయి లిట్టను ప్రభువునకు ఇది రుచింపలేదు. అయినను ధనము వచ్చినది. 8 లక్షల పౌనులకు మించి వచ్చినది. ఆస్ట్రేలియానుండియు, లాంకషైరు మిల్లుపట్టణములనుండియు వచ్చినది. మన మగ్గముల నోరు మూయించిన బట్ట యేయూళ్లలో నేయబడెనో ఆ యూళ్లనుండియే మన కరువుమండలములకు చందాలు వచ్చుట చిత్రము. దీనికి మేము సంతసించవలెనో నిట్టూర్చవలెనో నేటికిని తేల్చుకొనలేకున్నాము.

ఆ నిధికి గౌరవ కార్యదర్శి విలియము డిగ్బీ యను పత్రికాసంపాదకుడు. ఆతడు 1878లో ఆ క్షామవృత్తాంతమును రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ నిధివారు చేసిన మేలైన పని యొకటి కలదు. ప్రాణములు నిలుపుట ప్రభుత్వపు పని; కూలిపనులు, గంజిసత్రములు దాని భారము. చందాధనము ముఖ్యముగా ప్రభుత్వము చేయని పనులకు, అనగా విత్తనములకు, ఎద్దులకు, ఇంటికప్పులకు, కట్టుబట్టలకు వినియోగింపబడెను. కరువు తీరినపిదప రైతు మరల నిలువ బడుటకు ఆ ధనము. ఇట్లు ఎల్లలు గీయబడుటచే ఎక్కడో లండనులో నిచ్చినవాడు సయితము తన రూపాయి దేనికి పోయినదో తెలిసికొనగలిగెను. ఆ కరువున లక్షలాది జనులు చచ్చిరనుటయు, ధాన్యపు టెగుమతులు నిలువలేదనుటయు మరువరాదు. పరిపాలనలోని పాపమును చందాలు కడుగజాలవు.

ఇక మన మూసీనది. బహదూర్‌పురా యీ నదికి దక్షిణమున నున్నది. 1578లో కట్టబడిన పురానాపూల్ మనకు దగ్గర. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వఱదలో సుమారు 15,000 మంది మరణించిరని సాధారణముగా చెప్పుదురు. ఇండ్లు గోల్పోయినవారు 80,000 మందికి తక్కువ కారు. ఉరుదూకవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటికి బలియిచ్చి తానొక్కడు బ్రతికెను. అఫ్జల్‌గంజులోని యొక చింతచెట్టు నాశ్రయించి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనులు చూపుదురు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను భవనముల తలుపులు తెరిపించి యన్నము పెట్టించెను. రాజు పెట్టినపుడు లెక్క యడుగువాడు లేడు.

అయినను వేఱొకవిధమైన లెక్క అపుడు చెప్పబడినది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి ఈ విపత్తునకు కారణమేమని యడిగిరి. ఆయన పరీక్షించి చెప్పినది వినదగినది: మూసీ పరీవాహమున 788 చెరువులుండగా, ఆ వానలో 221 తెగినవి. చెరువు త్రవ్వించుట పూర్తధర్మములలో నగ్రగణ్యము. త్రవ్వించినవాని పేరు ఊరికి నిలుచును. కట్టకు మన్ను వేయించినవాని పేరెవ్వరును చెక్కరు. ఆయన సూచనల ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును ఏర్పడినవి. మనవారును కల్యాణమండపమునకు గది కట్టించుటకు ఉత్సాహముతో ముందుకు వత్తురు. ఆ గదికి ప్రతియేటి సున్నము, దీపపు ఖర్చు అడిగినచో మొగము చాటువేయుదురు. ఈమాట కటువుగా నున్నచో క్షమింపుడు.

2020 అక్టోబరు 13వ తేదీన నగరముపై మరల మహావర్షము కురిసినది. ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్కదినములో 32 సెంటీమీటర్లు పడినదనిరి. అప్పటికే కరోనా నిర్బంధముచే మగ్గములు, బీడీలు, చిల్లరకొట్లు అన్నియు చితికియుండెను. ఇంటికి 10,000 రూపాయలు చొప్పున ఇత్తుమని ప్రభుత్వము 19వ తేదీన ప్రకటించెను. నగదు నేరుగా చేతికిచ్చుటచే, ఎవరికి చేరినది, ఎవరికి చేరలేదు అను ప్రశ్నకు వీధివీధిని వేఱు సమాధానము వినవచ్చెను. నగరపాలకసంస్థ యెన్నికల కారణమున నవంబరు 18న పంపిణి నిలిచిపోయినది.

మా వీధిలోనికిని మోకాలిలోతు నీరు వచ్చినది. పంతులుగారు లెక్క వ్రాయగలరని, సంఘమువారు మమ్ము ఆపన్నిధికి కోశాధికారిగా నిలిపిరి. సోలాపురము, భివండి యందలి కులబాంధవులు ఫోనుద్వారా ధనము పంపిరి. వారిలో నొక పెద్ద దాత తన ధనము మన కులస్థులకే చెందవలెనని షరతు పెట్టెను. మా ప్రక్కయింటి మహమ్మదీయ కుటుంబము మా నీటిలోనే నిలిచియున్నది. యువకులు షరతును త్రోసివేసి అందరికి పంచుదమనిరి. మేము సమ్మతింపలేదు. ఇచ్చినవాని మాటను మీరి చేయు ధర్మము రెండవమారు ధనము దెచ్చుటకు నోరు లేకుండ చేయును. దాతకు ముందే చెప్పి, ఆ ధనమును ఆయన చెప్పినట్లే వ్యయపఱచితిమి. పొరుగువారి బియ్యమునకు వేఱుగా అడిగితిమి. బీడీలు చుట్టి బ్రతుకు నొక వితంతువు షరతు లేకుండ నిచ్చిన సొమ్ము మొదట ఆ యింటికే పోయినది.

ఇంతవరకు మా గొప్ప. ఇక తప్పు. రసీదు లిచ్చితిమి గాని, జమాఖర్చులు దాతలకు పంపలేదు. పంచుట ముఖ్యము, వ్రాయుట తరువాత అనుకొంటిమి, నెలలు గడచినవి. 2021 ఏప్రిలులో కరోనా రెండవమారు విజృంభించినపుడు మందులకై మరల సోలాపురమునకు ఫోను చేసితిమి. ఆ పెద్దమనిషి కోపపడలేదు. "పంతులుగారూ, పోయిన యేటి లెక్క ఇంకా రాలేదు గదా" అని మాత్రము నెమ్మదిగా ననెను. మేము సిగ్గుపడితిమి. కూర్చుండి చిట్టా అంతయు తిరుగ వ్రాయగా, కొంత సొమ్ము వ్యయముకాక బ్యాంకులోనే యున్నట్లు తేలినది. లెక్క చేరిన పిదప ఆయన మరల ధనము పంపెను. నడుమ పదిదినములు పోయినవి. ఆ పదిదినములలో మా వీధిలోని యొక నేతకుటుంబము మందులకై వడ్డీకి అప్పుచేసినది. ఆ వడ్డీ మా జమాఖర్చులలో ఎక్కడను లేదు. అయినను అది మా పద్దే.

కావున రానున్న తీర్మానమునకు మేము రెండుమాటలు చేర్చుమని కోరుచున్నాము. ఆపద ముగిసిన ముప్పదిదినములలో జమాఖర్చులు అచ్చువేసి ప్రతి దాతకు, కొంచెమిచ్చిన వానికిని, పంపవలెను. మిగిలిన సొమ్మెంతయో, అది యెచట నున్నదో అందులోనే తెలుపవలెను. మేము వ్రాసిన 2020 చిట్టాయు, రసీదు పుస్తకమును సభామండపమున నేటి కోశాధికారిగారి బల్లమీద నుంచితిమి. మన సభ్యులేకాక దాతలును, వచ్చిన యతిథులును విప్పిచూడవచ్చును. సోలాపురపు దాతగారి షరతు పదునాలుగవ పుటలో నున్నది. వితంతువు సొమ్ము ఆ వెనుకపుటలోనిది.