ఆరోగ్యవంతుడికి ఒక్క రాత్రే

1170 డిసెంబర్ 29 సాయంత్రం ఇంగ్లండులోని కాంటర్‌బరీ కేథడ్రల్‌లోకి నలుగురు యోధులు కత్తులతో చొరబడి, ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను అక్కడికక్కడే నరికి చంపారు. చర్చి హక్కుల విషయంలో రాజు రెండో హెన్రీకీ ఆయనకూ ఏళ్ల తరబడి వైరం. మూడేళ్లు తిరక్కుండానే పోప్ బెకెట్‌ను పునీతుడిగా ప్రకటించాడు. ఆయన సమాధి దగ్గర రోగాలు నయమవుతున్నాయన్న మాట దేశాలు దాటింది. జనం బయల్దేరారు.

ఆంగ్ల కవి చాసర్ ‘కాంటర్‌బరీ కథల’లోని యాత్రికుల్లా గుర్రాలెక్కి, డబ్బిచ్చి పూటకూళ్ల ఇళ్లలో దిగగలిగిన వాళ్లకు చింత లేదు. చేతిలో కాసు లేనివాళ్లు, దారిలో జబ్బుపడ్డవాళ్లు ఎక్కడ తలదాచుకోవాలి? 12వ శతాబ్దం చివర్లో ఆ ఊరి సంపన్నుడు ఎడ్వర్డ్ ఫిట్జోడ్‌బోల్డ్ స్టౌర్ నది వంతెనను ఆనుకుని కట్టించిన ఈస్ట్‌బ్రిడ్జ్ సత్రం వాళ్ల కోసమే.

బయటి నుంచి చూస్తే ఆడంబరమేమీ లేదు. చెకుముకిరాళ్లతో కట్టిన గోడ, వీధిలోకే తెరుచుకునే ద్వారం. లోపల మెట్లు దిగితే రాతి స్తంభాల మీద మొనదేలిన తోరణాలు మోస్తున్న చల్లని, మసక గది. యాత్రికులు పడుకున్నది ఇక్కడే. పైన భోజనశాల. దాని గోడ మీద 13వ శతాబ్దపు క్రీస్తు చిత్రం ఇంకా నిలిచి ఉంది. రంగు చాలావరకు వెలిసినా ఆశీర్వదిస్తున్న భంగిమ తెలుస్తూనే ఉంటుంది. ప్రార్థన గదిలో తలెత్తితే ఆనాటి దూలాల పనితనం కనిపిస్తుంది.

నన్ను ఆ రాళ్లకంటే ఎక్కువగా కదిలించేవి 1342లో ఆర్చిబిషప్ జాన్ స్ట్రాట్‌ఫర్డ్ రాయించిన నిబంధనలు. ఆరోగ్యంగా ఉన్న యాత్రికుడికి ఒక్క రాత్రే బస. జబ్బుపడ్డవాడు ఎక్కువ రోజులు ఉండొచ్చు, చోటు ముందు అతనికే. మొత్తం 12 పడకలు. వాటిని, వచ్చినవారి అవసరాలను చూసుకోవడానికి నలభై దాటిన నమ్మకస్తురాలు ఒకామె ఉండాలి. యాత్రికుల ఖర్చుకు రోజుకు నాలుగు పెన్నీలు. ధర్మం చేద్దామన్న సంకల్పం చాలామందికి ఉంటుంది కానీ పక్క ఎవరు వేస్తారు, పైకం ఎక్కణ్నుంచి వస్తుంది అని ఇంత వివరంగా ఆలోచించేవాళ్లు అరుదు. సత్రం నిలబడింది ఈ శ్రద్ధ వల్లేనని నా నమ్మకం.

1538లో ఎనిమిదో హెన్రీ ఆజ్ఞతో బెకెట్ సమాధి మందిరాన్ని నేలమట్టం చేశారు. యాత్రలు ఆగిపోయాయి. యాత్రికులే లేకపోతే సత్రం ఎందుకు? ఆ ప్రశ్నకు బలికాకుండా అది తనను తాను కాపాడుకుంది. 1584లో ఆర్చిబిషప్ విట్‌గిఫ్ట్ చట్టం ద్వారా దాన్ని స్థిరపరిచాక ఊరి పేదలకు ఆసరా అయింది. కొంతకాలం పిల్లలకు బడి కూడా నడిచింది.

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువారు, అక్కడికి వెళ్లేవారు కాంటర్‌బరీలో కేథడ్రల్ ఒక్కటే చూసి వెనుదిరక్కండి. కొన్ని నిమిషాలు నడిస్తే హైస్ట్రీట్‌లో ఈ సత్రం వస్తుంది. కాస్త నెమ్మదిగా మాట్లాడండి, అందులో ఇప్పటికీ వృద్ధులు కాపురముంటున్నారు.