కెనడాలో సిరియా శరణార్థి పిల్లలు: రెండు భాషల అంచనా

2015 నవంబరు – 2016 ఫిబ్రవరి నెలల మధ్య కెనడా 25,000 మందికి పైగా సిరియా శరణార్థులకు ఆశ్రయమిచ్చింది. వాళ్ల పిల్లలు బడిలో చేరగానే ఉపాధ్యాయులు అడిగిన ప్రశ్న: ఇంగ్లీషు ఎన్నాళ్లకు వస్తుంది? పిల్లల అరబిక్ ఏ స్థితిలో ఉందో తేలకుండా దీనికి జవాబు దొరకదని ఈ వ్యాసం వాదన.

మొదటి భాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు పెట్టుబడి అవుతుందన్నది విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో వివరించిన పరస్పరాధార సిద్ధాంతం. సంభాషణకు రెండేళ్లు చాలినా, పాఠ్యభాష పట్టుబడడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని కూడా ఆయన అన్నారు. ఇది ప్రధానంగా వలస పిల్లలను చూసి చెప్పిన మాట. అయితే లెబనాన్, జోర్డాన్, టర్కీల్లో తలదాచుకున్న సిరియా పిల్లల్లో చాలామందికి చదువు మధ్యలోనే ఆగింది. ఇంట్లో వినిపించేది సిరియా వాడుక అరబిక్, పుస్తకాల్లో ఉండేది ఫుస్‌హా అనే ప్రామాణిక అరబిక్. బడి మానేసిన పిల్లలకు దూరమైంది ఈ రెండోదే. గ్రాంథిక, వ్యావహారిక వివాదం ఎరిగిన తెలుగువారికి ఈ అంతరాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

భాషా పరిశోధకురాలు జొహాన్ పారడిస్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్న సిరియా శరణార్థి పిల్లలు 133 మంది. సగటు వయసు 9 ఏళ్లు. కెనడా వచ్చి సగటున 23 నెలలు. ఇళ్లలో అరబిక్‌దే పైచేయి, ఇంగ్లీషు కొంత తోబుట్టువుల మధ్య వినిపించేది. అరబిక్‌లో చదవడం, రాయడం మాత్రం బాగా అరుదు. వయసులో పెద్దవాళ్లకు రెండు భాషల్లోనూ పదసంపద, పదనిర్మాణం మెరుగ్గా ఉన్నాయి. చిన్నపిల్లలకే భాష ఇట్టే వస్తుందన్న నమ్మకాన్ని ఈ ఫలితం బలపరచదు.

పదనిర్మాణానికి ఉదాహరణగా అరబిక్ బహువచనాలు చూడండి. కితాబ్ అంటే పుస్తకం, కుతుబ్ అంటే పుస్తకాలు. ప్రత్యయమేదీ చేరదు, లోపలి అచ్చులే మారతాయి. ఇలాంటి రూపాలను ఒక్కొక్కటిగా వింటూ నేర్చుకోవాల్సిందే. సరిపడా వినకపోతే పిల్లలు సులువైన 'ఆత్' ప్రత్యయాన్ని తగిలిస్తారు. అరబిక్ మాతృభాషగా గల పసిపిల్లలూ ఈ తప్పు చేస్తారు కనుక, 9 ఏళ్ల శరణార్థి బిడ్డలో అది కనిపిస్తే భాషాలోపమా, అరబిక్ సరిపడా వినకపోవడమా అన్నది తేల్చుకోవాలి.

ఇది తేల్చడానికి కథ చెప్పించడం ఒక దారి. బహుభాషా పిల్లల కథనశక్తిని అంచనా వేసే 'మెయిన్' పరీక్షలో ఆరు బొమ్మల కథ ఒకటుంది: నీళ్లలో మేకపిల్ల, కాపాడబోయే తల్లి, రెండో పిల్ల మీద పడే నక్క, నక్కను తరిమే పక్షి. ఇంగ్లీషులో మేకపిల్లకు పేరు తెలియని బిడ్డ కూడా తల్లి నీళ్లలోకి ఎందుకు దిగిందో చెప్పగలదు. పదసంపద పరీక్ష ఒక్కటే పెడితే ఈ శక్తి లెక్కకే రాదు.

పరీక్షించేవారికి అరబిక్ రాకపోతే అల్బెర్టా భాషాభివృద్ధి ప్రశ్నావళి ఉంది. బిడ్డ తొలిపలుకు ఎప్పుడు పలికింది, ఇప్పుడు ఇంటిభాష ఎలా మాట్లాడుతోంది అని తల్లిదండ్రులనే అడుగుతుంది. యుద్ధం మధ్య పెరిగిన బిడ్డ విషయంలో బడి ఎన్నేళ్లు తప్పిందన్నదీ తప్పక అడగాలి. ఇంగ్లీషు మార్కులు మాత్రమే చూసి శరణార్థి బిడ్డకు భాషాలోపం ఉందని నిర్ధారించడం అశాస్త్రీయం. దుబాసీ ఖర్చు భరించైనా సరే, రెండు భాషల్లోనూ పరీక్షించాకే ఆ మాట రాయాలి.