పాత కారుకు కొత్త రంగు: మెరుపు వెనుక దాగిన ఆరోగ్య చరిత్ర

తండ్రిగారో తాతగారో వాడిన అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో షెడ్డు నుంచి బయటకు తీసి, తుప్పు గీకించి, సొట్టలు సరిచేయించి, మళ్లీ కొత్తదానిలా మెరిపించాలన్న అభిరుచి ఇటీవల మన పట్టణాలలో ఎక్కువగా కనిపిస్తున్నది. అంబాసిడర్ కారు 1957 నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారయింది. అంటే నేడు పునరుద్ధరణకు వస్తున్న బండ్లలో కొన్నింటి వయస్సు అరవై ఏళ్లు దాటింది. పదవీ విరమణ చేసినవారు కొందరు ఈ పనిని పూర్తిగా తమ చేతులతోనే, ఇంటి ఆవరణలోనే చేసుకుంటున్నారు. అభిరుచి మెచ్చదగినది. అయితే కారు రంగుకు ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో సగం రసాయన శాస్త్రానిదైతే, మిగిలిన సగం రోగాలది. అది తెలియకుండా ఎమరీ కాగితం చేతబట్టడం క్షేమం కాదు.

గుర్రపు బండి నుంచి వచ్చిన రంగు

తొలినాళ్ల మోటారు కార్లకు రంగు వేసినవారు గుర్రపు బండ్లకు రంగు వేసిన పనివారే. నూనెలో కలిపిన రంగును, వార్నిష్‌ను కుంచెతో పూత మీద పూతగా వేసేవారు. ప్రతి పూతా ఆరాలి, ఆరిన తరువాత రుద్ది నునుపు చేయాలి, ఆపై మరో పూత. ఒక్క కారు పూర్తి కావడానికి వారాలు పట్టేది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలపు పసుపు పచ్చని 1912 నాటి రోల్స్ రాయిస్‌ను చూసినవారికి ఆ తరం పనితనం ఎటువంటిదో కొంత ఊహకు అందుతుంది.

ఆ రంగులలో ప్రధాన ద్రవ్యం సీసం. తెల్ల రంగుకు సీసపు కార్బొనేట్, ఎర్రటి తొలిపూతకు సిందూరం అనబడే సీసపు ఆక్సైడ్, పసుపుకు సీసపు క్రోమేట్. సీసం విషమన్న సంగతి కొత్తది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వెలువరించిన వృత్తి వ్యాధుల గ్రంథంలో చిత్రకారుల అనారోగ్యాన్ని వివరిస్తూ, వారు నిత్యం తాకే, వాసన పీల్చే రంగులే అందుకు మూలమని వ్రాశాడు. రోగిని వైద్యుడు అడగవలసిన ప్రశ్నలకు ‘నీ వృత్తి ఏమిటి?’ అన్న ప్రశ్నను జోడించినవాడు ఆయనే. 1840లో లండన్ వైద్యుడు హెన్రీ బర్టన్ సీసం సోకినవారి చిగుళ్ల అంచున కనిపించే నీలి గీతను గుర్తించాడు. తీవ్రమైన కడుపు నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, ముంజేయి వాలిపోవడం – ఇవన్నీ రంగుల పనివారి లక్షణాలుగా వైద్య గ్రంథాలకెక్కాయి.

బండ్ల రంగుల పనిలో అసలు ప్రమాదం కుంచెతో పూయడంలో కన్న, పొడిగా రుద్దడంలో ఎక్కువ. ఆరిన పూతను గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే ధూళిలో సీసం ఉంటుంది. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. చేతుల మీద, దుస్తుల మీద నిలిచి ఆహారంతో కడుపులోకి పోతుంది. అమెరికాలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1910 తరువాత చేసిన పరిశీలనలలో షికాగోలోని పుల్మన్ రైలు పెట్టెల కర్మాగారపు రంగుల పనివారు సీసపు విషానికి గురవుతున్నట్లు తేలింది. ఆమె ఒత్తిడి వల్లనూ, ఆ సంస్థలో వాటాలున్న ఒక మహిళ పట్టుదల వల్లనూ అక్కడ పరిస్థితులు మెరుగుపడ్డాయి.

బ్రిటన్‌లో కర్మాగారాలకు తొలి వైద్య తనిఖీ అధికారిగా 1898లో నియమితుడైన థామస్ లెగ్గే తన ఉద్యోగ జీవితంలో అధిక భాగం సీసంతో పోరాడాడు. కట్టడాల లోపలి రంగులలో తెల్ల సీసాన్ని నిషేధించే ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఆమోదించింది. దానిని ధ్రువీకరించడానికి బ్రిటిష్ ప్రభుత్వం నిరాకరించినందుకు నిరసనగా 1926లో లెగ్గే పదవికి రాజీనామా చేశాడు. యజమాని తాను చేయవలసినదంతా చేయనంతవరకు కార్మికుడు తన్ను తాను కాపాడుకోలేడన్నది ఆయన బోధించిన ప్రధాన సూత్రం.

నీటితో రుద్దడం – ఒక చిన్న విప్లవం

ఈ కథలో ఒక చిన్న వస్తువు పెద్ద మేలు చేసింది. ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ నీటిలో తడిసినా చెడని గరుకు కాగితాన్ని కనిపెట్టాడు. త్రీ ఎం సంస్థ ఆ హక్కులను కొని 1921లో దానిని మార్కెట్టులోకి తెచ్చింది. మన షెడ్లలో నేటికీ ‘వాటర్ పేపర్’ అని పిలిచేది ఆ జాతి కాగితాన్నే. నునుపు బాగా రావడం దాని వ్యాపార ప్రయోజనం. ధూళి గాలిలోకి లేవకపోవడం దాని ఆరోగ్య ప్రయోజనం. పనివాని ఊపిరితిత్తులకు ఒక కాగితం చేసిన ఉపకారం చాలా చట్టాలు చేయలేకపోయాయి.

గొంతుకు మందు చల్లిన పరికరం

ఇక స్ప్రే గన్ కథ వైద్యులకు ఆసక్తికరమైనది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు టొలీడో నగరంలో చెవి, ముక్కు, గొంతు రోగాలకు చికిత్స చేసే డాక్టర్ ఆలెన్ డెవిల్బిస్, రోగుల గొంతులో మందును తుంపరగా చల్లడానికి ఒక పరికరాన్ని రూపొందించి 1888లో దాని తయారీ ప్రారంభించాడు. ఆయన కుమారుడు థామస్ 1907 ప్రాంతంలో అదే సూత్రంతో రంగు చల్లే తుపాకీని తయారుచేశాడు. మందును శ్వాసమార్గంలోకి పంపడానికి పుట్టిన ఉపాయమే, తరువాత రంగును కూడా అక్కడికే పంపగల సాధనమయింది.

స్ప్రే గన్ విజృంభించడానికి తగిన రంగు కూడా దొరకాలి. ఫోర్డ్ సంస్థ 1914 నుంచి 1925 వరకు మోడల్ టి కార్లను నల్ల రంగులోనే అమ్మింది. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లండ్ కార్లకు డ్యూపాంట్ వారి ‘డూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లక్కను వాడింది. తుపాకి మందుగా ఉపయోగపడే ద్రవ్యం నుంచి పుట్టిన ఈ పూత వారాలలో కాక గంటలలో ఆరిపోయేది, అనేక వర్ణాలలో లభించేది. ఆ పేరు మన దేశంలో ఎంతగా నిలిచిపోయిందంటే, నేటికీ బీరువాకో తలుపుకో స్ప్రేతో వేసే పూతను మన వడ్రంగులు ‘డూకో పెయింట్’ అనే అంటారు. రెండు రంగుల కార్లకు గిరాకీ పెరిగినప్పుడు, రంగుల మధ్య సరిహద్దు చెదరకుండా ఉండేందుకు రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపును కనిపెట్టాడు.

కుంచె పోయి తుంపర వచ్చింది. పని వేగం పెరిగింది. అయితే ఇంతకాలం చర్మానికీ చేతులకూ అంటిన రంగు ఇప్పుడు నేరుగా శ్వాసలోకి చేరసాగింది. పూతను పలుచన చేయడానికి కలిపే థిన్నర్‌లోని టోలీన్ వంటి ద్రావణులు ఆవిరై తల తిరగడం, తలనొప్పి, మత్తు కలిగిస్తాయి. మూసిన గదిలో చిన్న నిప్పురవ్వ చాలు, మంటలు లేవడానికి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లో రంగుల పనిని, ఒక వృత్తిగానే, మనుషులలో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వీటిలో ముఖ్యమైనది.

పాత రంగును ఊడదీసే పని

పునరుద్ధరణలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం కొత్త రంగు వేయడం మాత్రమే అనుకోరాదు. పాత రంగును తొలగించడం అంతకు తక్కువేమీ కాదు. దీనికి మూడు మార్గాలున్నాయి. మూడింటికీ మూడు రోగాలు జోడై ఉన్నాయి.

మొదటిది రుద్దడం. సీసం సంగతి పైన చెప్పాను. మన దేశంలో గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పీపీఎం దాటరాదన్న నియమం 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. నలభై, యాభై ఏళ్ల నాటి కారు మీది పూతలకు ఈ నియమంతో సంబంధం లేదు. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగులపై ప్రత్యేకించి అనుమానం ఉండాలి. తొలిపూత ఎర్రగా ఉన్నంత మాత్రాన అది సీసమే అనీ, కాదనీ కంటితో చెప్పలేము. రెడ్ ఆక్సైడ్ ఇనుముకు సంబంధించినది, సిందూరం సీసానిది. చూపుకు దగ్గరగా ఉండే ఈ రెండూ దేహానికి వేర్వేరు. పాత కార్ల తలుపుల అతుకుల వద్ద సొట్టలు పూడ్చడానికి సీసం, తగరం కలిపి కరిగించి పోసిన సందర్భాలు కూడా ఉన్నాయి. తరువాతి కాలంలో ఆ స్థానాన్ని పాలియెస్టర్ పుట్టీ ఆక్రమించింది.

రెండవది ఇసుకను వేగంగా చిమ్మి రంగునూ తుప్పునూ రాల్చడం. బెంజమిన్ టిల్ఘ్‌మన్ 1870లో దీనిపై పేటెంటు పొందాడు. ఇసుక రేణువు పగిలినప్పుడు వెలువడే సూక్ష్మమైన సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయం కాని వ్యాధిని కలిగిస్తుంది. దానితో క్షయ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. పోత వస్తువుల శుభ్రతకు ఇసుక వాడకాన్ని బ్రిటన్ 1949లోనే నిషేధించింది. ఏటి ఇసుకతో ఇంటి వద్ద ఈ పని చేయించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

మూడవది రంగును ఉబ్బించి ఊడదీసే ద్రావకం. వీటిలో చాలాకాలం మిథిలిన్ క్లోరైడ్ వాడారు. 1972లో స్టూవర్ట్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక విస్మయకరమైన విషయాన్ని ప్రకటించారు. ఈ ఆవిరిని పీల్చినప్పుడు మన శరీరమే దానిని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొని గుండెకు అందవలసిన ప్రాణవాయువును తగ్గిస్తుంది. ఇంట్లో ఇటువంటి ద్రావకం వాడి గుండెపోటుకు గురైన వ్యక్తి వృత్తాంతం 1976లో వైద్య పత్రికకెక్కింది. అమెరికా 2019లో సాధారణ వినియోగదారులకు ఈ ద్రావకపు అమ్మకాన్ని నిషేధించింది. గుండె జబ్బు ఉన్న వయోవృద్ధులు ఈ సంగతిని తప్పక గుర్తుంచుకోవాలి.

హార్డెనర్ కలిపిన నేటి రంగు

జర్మనీలో ఒట్టో బేయర్ 1937లో పాలీయురిథేన్ రసాయనానికి పునాది వేశాడు. దాని నుంచి వచ్చినవే నేటి రెండు డబ్బాల రంగులు – ఒకటి రంగు, రెండవది హార్డెనర్. అద్దంలా మెరిసే క్లియర్ కోటు చాలావరకు దీని ఫలమే. హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. దీనివల్ల ఉబ్బసం వస్తుందని 1951లోనే ఫ్రెంచి వైద్యులు గుర్తించారు.

ఐసోసయనేట్ అనగానే 1984 డిసెంబరు నాటి భోపాల్ దుర్ఘటన స్ఫురించడం సహజం. అక్కడ వెలువడినది అదే కుటుంబానికి చెందిన మిథైల్ ఐసోసయనేట్ వాయువు. కారు రంగులోనిది వేరు. ఇది ఒక్క రాత్రిలో ప్రాణం తీయదు. నెలల తరబడి పీల్చిన తరువాత ఒకనాడు శరీరం దానిని శత్రువుగా గుర్తిస్తుంది. ఆపై అణుమాత్రం తగిలినా ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. కొందరికి పని ముగించుకొని ఇంటికి చేరిన తరువాత, అర్ధరాత్రి దగ్గు వస్తుంది. అందువల్ల రంగుకూ రోగానికీ ఉన్న సంబంధం రోగికి తట్టదు. ఒకసారి ఈ సున్నితత్వం ఏర్పడితే సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. హాని చేసే మోతాదులో కూడా దీనికి హెచ్చరించే వాసన ఉండదు. చర్మం మీద పడినా సున్నితత్వం కలగవచ్చు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు, కోవిడ్ కాలపు గుడ్డ మాస్కు దీనిని ఏమాత్రం ఆపలేవు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు, గాలిని లాగివేసే బూత్ కావాలి. ఇవి ఇంటి పెరట్లో ఉండవు.

ఇంటి షెడ్డుకు తనిఖీ అధికారి ఎవరు?

ఈ మూడు వందల ఏళ్ల చరిత్రలో ఒకే వరుస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ముందు సౌకర్యం వస్తుంది, తరువాత రోగం, ఆ తరువాత ఒక వైద్యుడి హెచ్చరిక, చివరికెప్పుడో చట్టం. ఆ చట్టాలన్నీ కర్మాగారం గేటు వద్దనే ఆగిపోతాయి. సొంత షెడ్డులో యజమానీ, కార్మికుడూ, తనిఖీ అధికారీ ఒక్కరే. కాబట్టి లెగ్గే చెప్పిన బాధ్యత మొత్తం మీ భుజాలపైనే ఉంటుంది. పనికి కూలి మనిషిని పెట్టుకుంటే అతని ప్రాణానికి కూడా మీరే బాధ్యులు.

ఈ జాగ్రత్తలు పాటించండి:

1. పాత పూతను పొడిగా రుద్దవద్దు. నీళ్లతో, వాటర్ పేపర్‌తోనే రుద్దండి. కంప్రెసర్ గాలితో ధూళిని ఊదవద్దు.
2. కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచి, తడి మడ్డిని అందులోనే సేకరించండి. మొక్కల పాదులలో, వాకిట్లో పోస్తే అది ఎండి మళ్లీ ధూళి అవుతుంది.
3. చిన్నపిల్లలను, గర్భిణులను ఆ చోటికి రానీయవద్దు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా పరవాలేదని చెప్పగల పరిమితి ఏదీ లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వారి మెదడు ఎదుగుదలకు కలిగే నష్టం తిరిగి పూడదు.
4. పని దుస్తులు వేరుగా ఉతకండి. స్నానం చేసిన తరువాతనే భోజనం, తరువాతనే మనుమలను ఎత్తుకోవడం.
5. రుద్దడం, పుట్టీ పెట్టడం, బిగింపులు మీ చేతులతో చేసుకోండి. హార్డెనర్ కలిపిన తుది పూతను మాత్రం తగిన బూత్ ఉన్న వర్క్‌షాపుకు అప్పగించండి. ఉబ్బసం ఉన్నవారు ఆ దరిదాపులకు కూడా వెళ్లవద్దు.
6. ఈ పని నెలల తరబడి చేసినవారు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. కారణం తెలియని కడుపు నొప్పి, రక్తహీనత, రాత్రి దగ్గు ఉంటే ఆలస్యం చేయవద్దు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీ ఉద్యోగమో పింఛనో చెప్పి ఊరుకోకండి. పాత కారుకు రంగు వేస్తున్నానని కూడా చెప్పండి. రామజ్జీని ప్రశ్నను హడావిడిలో వైద్యుడు అడగలేకపోయినా, జవాబు మీ నోట రావడం మంచిది. సరైన రోగ నిర్ధారణకు ఆ ఒక్క వాక్యమే దారి చూపవచ్చు.